కుక్క ఆనుకుని పడుకున్న చక్రం

నా బండికి జబ్బు చేసిందని అందరికంటే ముందు పసిగట్టింది ఒక కుక్క. విమానాశ్రయం దగ్గర క్యాబులు వరసగా ఆగే మైదానంలో తిరిగే గోధుమరంగు కుక్క అది. చలికాలం పొద్దున్నే అన్ని బండ్లనూ వదిలేసి, నేను రాగానే వచ్చి నా బండి వెనక కుడి చక్రానికి వీపు ఆనించి పడుకునేది. నేనేమో మురిసిపోయాను. నామీద ప్రేమే అనుకుని బిస్కెట్లు పెట్టాను. "అక్కా, బండికి కాపలా పెట్టుకున్నవా ఏంది" అని పక్క డ్రైవర్లు ఏడిపిస్తుంటే నవ్వేదాన్ని. ఆ చక్రం వెచ్చగా ఉందనీ, దానికి కావలసింది నేను కాదు ఆ వెచ్చదనమేననీ నా బుర్రకు తట్టలేదు. తట్టి ఉంటే ఈపాటికి ఔటర్ రింగ్ రోడ్డు మీద ఉండేదాన్ని, ఇక్కడ కూర్చుని ఇది రాస్తూ కాదు.

మాది శంషాబాద్ అవతల, మంఖాల్ దారిలో ఒక ఊరు. మా ఆయన గోదాములో పని చేస్తాడు. నేను చాలాకాలం ఒక ఫ్యాక్టరీలో డబ్బాలకు చీటీలు అంటించాను. ఆ పని పోయాక డ్రైవింగ్ నేర్చుకున్నాను. లోను పెట్టి కరెంటు కారు కొన్నాం. ఆడమనిషి నడిపే బండి కావాలని అడిగేవాళ్లు చాలామందే ఉండేవారు, ముఖ్యంగా ఒంటరిగా దిగే ఆడపిల్లలు. అంతకుముందు ఇంటి నుంచి ఫోను వస్తే "వంటయిందా" అని వచ్చేది. బండి ఎక్కాక "ఎక్కడున్నవ్" అని రావడం మొదలైంది. ఆ ఒక్క ప్రశ్న మారినందుకే నాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

ఇంకో గర్వం కూడా ఉండేది. కరెంటు బండి పెడలు మీంచి కాలు తీస్తే చాలు, దానంతట అదే నెమ్మదిస్తుంది. అలా నెమ్మదిస్తూ కాస్త చార్జింగు కూడా వెనక్కి తెచ్చుకుంటుంది. అందుకని మా డ్రైవర్లలో బ్రేకు తొక్కకుండా నడిపేవాడే మొనగాడు. నేను ఇంటి నుంచి విమానాశ్రయం దాకా బ్రేకు ముట్టకుండా వచ్చిన రోజులున్నాయి. వచ్చి ఆ సంగతి అందరికీ చెప్పుకునేదాన్ని కూడా.

మా అత్తమ్మకు ఒక పట్టింపు ఉంది. అమావాస్య నాడు ఇంట్లో ఉన్న ఏ బండైనా కడగాలి. ఎడ్లబండి కాలం నుంచి ఉన్న అలవాటట. తర్వాత ట్రాక్టర్, తర్వాత స్కూటర్, ఇప్పుడు నా కారు. పసుపు కుంకుమ పెట్టి, చక్రం కింద నిమ్మకాయ పెట్టాలి. మర్నాటి దాకా చక్రం తిరగకూడదు. కారు పైభాగం మేం తుడిచినా చక్రాల పని మాత్రం ఆమెదే. బిందెలతో నీళ్లు తెచ్చి పోసేది. "కాళ్లు కడగకుంట ఎట్ల బిడ్డా, దినమంతా తిరిగొస్తది" అనేది. మా వాకిలి రోడ్డు వైపు వాలుగా ఉంటుంది. బండి జారిపోకుండా మా ఆయన హ్యాండ్ బ్రేకు కిర్రుమనేలా గుంజి పెట్టేవాడు. ముచ్చటగా ఉండేది ఆ రోజు మా వాకిలి.

చార్జింగు తగ్గడం ఎప్పుడు మొదలైందో సరిగ్గా చెప్పలేను. ముందు సాయంత్రం దాకా వచ్చేది మధ్యాహ్నానికే అయిపోయేది. కరెంటు బండి కదా, అందరి చూపూ బ్యాటరీ మీదే. బ్యాటరీ ముసలిదైందని ఒకరు, ఎండకు పాడైందని ఒకరు, ఇంట్లో వైరు మంచిది కాదని ఇంకొకరు. మా ఆయన ఫోనులో వీడియోలు చూసి చూసి, కొత్త బ్యాటరీ వేయించడం మన వల్ల కాదని తేల్చాడు. ఒక్కరంటే ఒక్కరు కూడా చక్రాల వైపు చూడలేదు. నేనూ చూడలేదు.

ఒకరోజు బడంగ్‌పేట్‌లో ఒక తల్లీకూతుళ్లను ఎక్కించుకున్నాను. విమానానికి వెళ్లాలి. బయల్దేరినప్పుడు తెర మీద కావలసినంత చార్జింగు చూపించింది. ఔటర్ ఎక్కాక నా కళ్లముందే దిగిపోయింది. ఎర్రగుర్తు వచ్చింది, బండి నత్తనడక పట్టింది. పక్కకు ఆపాను. వెనక వచ్చే ఇంకో క్యాబు ఆపి వాళ్ల పెట్టెలు నేనే అందులో పెట్టాను. కూతురు తలుపు వేసుకుంటూ, "చేతకానప్పుడు ఈ పని ఎందుకండీ మీకు" అంది. గట్టిగా కూడా అనలేదు. అండీ అని మర్యాదగానే అంది. దానికే నాకు ఇంకా మండింది.

అదే నత్తనడకన ఇంటికి వచ్చేసరికి అత్తమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. మా ఆయన మంచం మీద ఉన్నాడు. తాళంచెవి విసిరాను, అది బియ్యంలో పడింది.

"అమ్మి పారెయ్యి. ఈ దరిద్రాన్ని మల్ల నా కండ్లకు చూపియ్యకు" అన్నాను.

మా కాపురంలో నా మాట ఆయన అంత తొందరగా ఎన్నడూ వినలేదు. ఇంటి కప్పు కారుతోందని చెబితే మరుసటి వానాకాలం దాకా వినపడని మనిషి, ఆ సాయంత్రమే షాద్‌నగర్‌కు ఫోను చేశాడు. అక్కడ ఆయనకు తెలిసిన ఒక హార్డ్‌వేర్ దుకాణం యజమాని ఉన్నాడు. ఆదివారం ఆయన వచ్చి బండి చూశాడు. బ్యాటరీ తగ్గిందని మా ఆయన ఉన్నదున్నట్టే చెప్పాడు. "మేం ఊర్లనే తిప్పుకుంటం అన్నా, ఏం పరేషాన్ లేదు" అని ఆయన రేటు తగ్గించి అడిగాడు, మా ఆయన సరేనన్నాడు. దుకాణం ఆయన బయానాగా కొంత డబ్బు ఇచ్చి, అన్నం తిని వెళ్లాడు. ఆ కూర వండింది కూడా నేనే. కోపం ఇంకా దిగలేదు, పీడ వదిలిందనే అనుకున్నాను. అమావాస్య వెళ్లాక మంచిరోజు చూసి బండి అప్పగించాలని మాట.

ఆ మధ్య రోజుల్లో కూడా నేను దగ్గరి ట్రిప్పులు నడిపాను. ఒక పొద్దున మైదానంలో బండి ఆపి దిగాను. కుక్క వచ్చి దాని చోట పడుకుంది. బిస్కెట్టు పెడదామని వంగి, ఊతానికి టైరు లోపలి ఇనుప రిమ్ము మీద చెయ్యి వేశాను. చుర్రుమంది. లేచి ఎడమవైపు చక్రం ముట్టుకున్నాను. చల్లగా ఉంది. ముందు రెండూ చూశాను. అవీ చల్లగానే ఉన్నాయి. మళ్లీ కుడివైపుకు వచ్చి సీసాలో నీళ్లు నాలుగు చుక్కలు చల్లితే పెనం మీద పడ్డట్టు ఎగిరాయి. కాలిన వాసన కూడా వస్తోంది. ఆ వాసన నాకు ఎన్నాళ్లుగానో తెలుసు, ముందు వెళ్లే లారీలది అనుకునేదాన్ని.

సీట్లో కూర్చుని ఆలోచించాను. ఫ్లైఓవర్ దిగుతున్నప్పుడు కూడా కాలు నొక్కితేనే బండి కదిలేది. వాలులో బండిని తోయాల్సి రావడం ఏమిటి? మైదానం చివర చదునుగా ఉన్న చోట కాస్త వేగం అందుకుని న్యూట్రల్‌లో పెట్టి వదిలి చూశాను. ఎవరో తోక పట్టుకుని లాగుతున్నట్టు గబుక్కున ఆగిపోయింది. బ్యాటరీకి ఏ రోగమూ లేదు. నేను బ్రేకు ముట్టలేదని గొప్పలు చెప్పుకున్నన్ని రోజులూ వెనక కుడి చక్రానికి బ్రేకు పడే ఉంది.

అటునుంచి అటే శంషాబాద్‌లో పాత రోడ్డు మీద తెలిసిన మెకానిక్ షెడ్డుకు వెళ్లాను. అతను రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"కరెంటు బండి నేను ముట్టనక్కా. షాక్ కొడితే నా పిల్లలకు ఎవరు దిక్కు?"

"చక్రంల కరెంటు యాడుంటదన్నా? నువ్వు జర జాకీ పెట్టు, నేనే తిప్పి చూస్త."

వెనక ఎడమ చక్రం లేపి చేత్తో తిప్పితే ఆగకుండా తిరుగుతూనే ఉంది. కుడిది లేపాం. రెండు చేతులతో తిప్పినా గరగరమని సగంలో ఆగింది. అప్పుడు అతను షాకు సంగతి మరిచిపోయాడు. చక్రం విప్పి, లోపల బ్రేకు ఉండే డ్రమ్మును సుత్తితో కొట్టి కొట్టి ఊడదీశాడు. ఎర్రటి తుప్పు కారప్పొడిలా రాలింది. డ్రమ్మును పట్టి ఆపే లైనర్లు దానికే అతుక్కుపోయి ఉన్నాయి. హ్యాండ్ బ్రేకు తీగ బిగుసుకుపోయి, లివరు కిందికి దించినా వెనక్కి రావడం లేదు.

"బండి కడిగినంక తడి మీదనే హ్యాండ్ బ్రేకు గుంజి పెడ్తున్నరా?" అని అడిగాడు.

వాకిట్లో బిందె పట్టుకున్న అత్తమ్మ కళ్లముందు నిలబడింది.

"వేరే బండ్లయితే దినాం బ్రేకు కొడుతుంటరు, ఆ తుప్పు అదే అరిగి పోతది. నువ్వు బ్రేకే కొట్టకపోతివి. ఇగ గిట్లనే పట్టుకుంటది" అన్నాడు.

తుప్పు గీకి, తీగ వదులు చేసి, గ్రీజు పెట్టి మళ్లీ బిగించాడు. భోజనం వేళ కాకముందే పని అయిపోయింది. ఇంతోటి దానికే బండిని అమ్ముకున్నాం.

తిరిగి వస్తుంటే బండి నీళ్ల మీద జారినట్టు పోయింది. కాలు నొక్కకుండానే ఫ్లైఓవర్ దిగింది. తెర మీద చార్జింగు అంకె కదలడమే లేదు. కొన్న కొత్తలో ఇలాగే ఉండేది. సర్వీసు రోడ్డు పక్కన ఆపుకుని ఏడ్చాను. ఏడుపు ఆగాక నా నోటిని నేనే తిట్టుకున్నాను.

ఇంటికి వచ్చి మా ఆయనకు చెప్పాను. అమావాస్య కడగడం మాట మాత్రం ఎత్తలేదు. బ్రేకు పట్టుకుందని, బాగయిందని అంతే చెప్పాను. అత్తమ్మ గడపలో కూర్చుని వింటోంది.

"అయితే ఏం జెయ్యమంటవ్?" అన్నాడు.

"బయానా వాపస్ ఇచ్చేద్దాం."

"మాటిచ్చిన గదా."

"మాట నువ్విచ్చినవ్. నేనియ్యలే."

"నువ్వు అమ్మి పారెయ్యమంటేనే ఇచ్చిన."

నిజానికి అక్కడ నాకు అడ్డం వచ్చింది మా ఆయన ఒక్కడే కాదు, చనిపోయిన మా మామయ్య కూడా. విమానాశ్రయం వస్తుందన్న వార్త బయటపడక ముందు ఆయన రోడ్డు పక్క చేను అమ్ముతానని ఒకరికి నోటిమాట ఇచ్చారు. కాగితాలు కాకముందే ధర ఆకాశానికి పోయింది. మాట తప్పమని ఊరంతా చెప్పారు, ఆయన తప్పలేదు. ఆ చేను ఉన్నచోట ఇప్పుడు ఫంక్షన్ హాలు ఉంది. దాని ముందు నుంచి వెళ్లినప్పుడల్లా మా ఆయన తల తిప్పుకుంటాడు. తిప్పుకుని, "మా బాపు మాట తప్పలే" అంటాడు. చేను పోయాక ఈ ఇంటికి మిగిలిన ఆస్తి ఆ మాటే. దాన్ని నా బండి కోసం వదులుకోమంటే ఎలా వదులుకుంటాడు?

అప్పుడు అత్తమ్మ గడపలోంచే అంది. "జర అడిగి చూడు కొడుకా. అడిగితే తప్పేంది? గా చేను పోయిననాడు నేనెంత ఏడ్చిన్నో మీ బాపుకు గూడ తెల్వదు."

ఆ మాట ఆమె నోట వస్తుందని నేనెన్నడూ అనుకోలేదు. మా ఆయన ఫోను తీసి షాద్‌నగర్ నంబరు దాకా వెళ్లాడు. దాన్ని అలాగే చూస్తూ కూర్చున్నాడు. తెర ఆరిపోతే మళ్లీ వెలిగించాడు. చివరికి ఫోను జేబులో పెట్టుకుని మొహం కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు. నాకు కోపం వచ్చింది. జాలి కూడా వచ్చింది, అందుకే ఆ కోపం ఎటూ పోలేక నాలోనే ఉండిపోయింది.

చివరి అమావాస్యకు కూడా అత్తమ్మ బిందెలు తెచ్చింది. నేనే హ్యాండ్ బ్రేకు వదిలేసి, చక్రానికి అడ్డంగా పెద్ద రాయి పెట్టాను. ఎందుకని ఆమె అడగలేదు.

అప్పగించే రోజు పొద్దున ఒక చివరి ట్రిప్పు తీసుకుని విమానాశ్రయానికి వెళ్లాను. ఒక ఆడపిల్లను దింపి మైదానంలో కాసేపు ఆగాను. కుక్క వచ్చింది. కుడి చక్రానికి ఆనుకుని పడుకుంది. కాసేపటికి తలెత్తి చక్రాన్ని వాసన చూసింది. లేచి ఒళ్లు విదిలించుకుని, అప్పుడే వచ్చి ఆగిన డీజిల్ బండి ఇంజను కిందికి వెళ్లిపోయింది. నేను ఇంకా బిస్కెట్టు పొట్లం విప్పనే లేదు.

మా ఆయనను ఎక్కించుకుని షాద్‌నగర్‌కు నేనే నడిపాను. వాళ్లింటి ముందు ఆపేసరికి ఆ ఇంటావిడ పసుపునీళ్ల చెంబుతో సిద్ధంగా ఉంది. చక్రాల మీద నీళ్లు పోసింది. దుకాణం ఆయన లోపల కూర్చుని సంబరంగా హ్యాండ్ బ్రేకు లాగబోతుంటే నా నోరు ఊరుకోలేదు.

"అన్నా, తడి మీద అది గుంజకుండ్రి. చక్రానికి రాయి అడ్డం పెట్టుండ్రి. అప్పుడప్పుడు కావాలనే బ్రేకు కొట్టుండ్రి, లేకుంటే పట్టుకుంటది."

బ్యాటరీ కూడా బాగానే ఉందనీ, పట్టుకున్నది బ్రేకేననీ, రేటు మాత్రం అనుకున్నదేననీ మా ఆయన వాళ్లకు చెప్పాడు. ఆ తండ్రి కొడుకే మరి. దుకాణం ఆయన తెర మీద చార్జింగు చూసి, దిగి నా వైపు తిరిగాడు.

"ఇంత ఎరికున్నదానివి, ఇంత మంచిగ నడుస్తున్న బండిని ఎందుకు అమ్ముతున్నవక్కా?"

నేను నోరు తెరిచేలోపు మా ఆయనే చెప్పాడు. ఎత్తిపొడుపు కాదు, నన్ను నలుగురిలో పెద్దచేసి చెబుతున్నట్టే చెప్పాడు.

"మా ఆమెనే అమ్మేయమన్నది. ఆమె మాట నేను కాదనలే."

నేనూ కాదనలేదు. తాళంచెవి దుకాణం ఆయన చేతిలో పెట్టి, బస్టాండుకు ఎటు పోవాలని ఆ ఇంటావిడను అడిగాను.