లెక్కలోకి రాని గోడలు

ఆఫీసులో ఆమెను అందరూ ఆముదం మేడమ్ అంటారు. వెనకాల అనేవాళ్ళు కొందరు, ఎదురుగానే అనేసేవాళ్ళు కొందరు. ఏది చూసినా అప్పుడే ఎవరో ముక్కు మూసి ఆముదం పట్టించినట్టు ముఖం పెడుతుందని ఆ పేరు. ఆ పేరు మీద ఆమెకు కోపం లేదు. కోపం తెచ్చుకోవడానికి అంతకంటే ముఖ్యమైనవి బోలెడున్నాయి. వాష్‌బేసిన్‌లో టీపొడి వదిలేసి పోయే మనుషులు, కొలత అడిగితే సుమారుగా వేసెయ్యండి అనే ఆర్కిటెక్టు, పాత డ్రాయింగు మీద కొత్త తేదీ కొట్టి పంపేసే పక్క సీటు మహానుభావుడు. వీళ్ళందరినీ రోజంతా భరించిన మనిషి ముఖం మల్లెపువ్వులా ఉండమంటే ఎలా ఉంటుంది?

ఆమె పని బిల్డింగులకు లెక్కలు కట్టడం. పిల్లరు ఎంత లావుండాలి, బీములో ఎంత ఇనుము పడాలి, శ్లాబు ఎంత మందం ఉండాలి, ఇవన్నీ కంప్యూటర్లో తేల్చి ఇస్తుంది. ఏళ్ళ తరబడి ఆ పనే చేసింది. చేస్తున్నకొద్దీ తన మీద తనకే చిరాకు పెరిగింది. అంకెలు వేస్తే అంకెలు వస్తున్నాయి, ఎందుకొస్తున్నాయో అడిగితే మాత్రం నీళ్ళు నమలాలి. అందుకే నలభై దగ్గర పడుతుండగా, కూతురు హైస్కూలుకు వచ్చాక, స్ట్రక్చరల్ ఇంజనీరింగ్‌లో పీజీ చేస్తానని ఇంట్లో ప్రకటించింది. పగలు ఉద్యోగం, సాయంత్రం కాలేజీ.

భర్త అడ్డు చెప్పలేదు సరికదా, ఇన్నాళ్ళూ తమను తిట్టిన నోరు ఇక ప్రొఫెసర్లను తిడుతుందని సంబరపడ్డాడు. సాయంత్రం వంట తన నెత్తిన వేసుకున్నాడు. ఆ వంట తినేటప్పుడు ఆమె పెట్టే ముఖం గురించి ఇక్కడ చెప్పకపోవడమే మర్యాద. ఆఫీసు యజమాని కూడా వెంటనే ఒప్పుకున్నాడు. ఆయన ఒప్పుకోవడానికి కారణం వేరు. బిల్డింగు పటిష్ఠంగా ఉందని రాసి సంతకం పెట్టగల అర్హత ఉన్న మనిషి ఆఫీసులో ఇంకొకరు తయారవుతారు.

కాలేజీలో మొదటి రోజే ఆమె కుర్చీ కింద చెయ్యి పెట్టింది. ఎవరో నమిలి అంటించిన చూయింగ్ గమ్ వేలికి తగిలింది. ఆ తర్వాత తెలిసిందేమిటంటే, చదువు కూడా అలాంటిదే. ముందెవరో నమిలేసింది. లెక్చరర్ తెర మీదున్నది చదువుతాడు, తెర మీద తప్పుంటే తప్పే చదువుతాడు. సైటు నుంచి నేరుగా వచ్చిన కుర్రాళ్ళు సిమెంటు బూట్లతో వెనక వరసలో కునుకు తీస్తారు. అసైన్‌మెంటు ఒకడు రాస్తే మిగతావాళ్ళు మక్కికి మక్కి దించుతారు. ఒకడైతే పక్కవాడి రోల్ నంబరు కూడా దించి ఇచ్చాడు. దానికీ మంచి మార్కులే పడ్డాయి. ఛీ, అనుకుంది ఆమె. ఆ రెండేళ్ళలో ఆ అక్షరం ఆమె నోటికి అంటుకుపోయింది.

అయినా మానలేదు. లైబ్రరీలో ఎవరూ ముట్టుకోని పుస్తకాలు తెచ్చుకుని, బస్సులో నిలబడి చదివింది. బరువు శ్లాబు నుంచి బీముకు, బీము నుంచి పిల్లరుకు, పిల్లరు నుంచి నేలకు ఎలా దిగుతుందో చేత్తో లెక్క కట్టుకుంటూ పోయింది. అలా కట్టినప్పుడు మాత్రం ఆ ముఖం మీద ఆముదం కనిపించేది కాదని ఆమె కూతురే చెప్పింది.

చివరి ఏడాది థీసిస్ వచ్చింది. ఆ కాలేజీలో థీసిస్ అంటే ఒక మేడ. నిజం మేడ కాదు, కంప్యూటర్లో ఉండే మేడ. కింద పార్కింగ్, పైన అంతస్తులు. ఎప్పుడో ఒక బ్యాచి తయారుచేసింది. దాన్ని తర్వాతి బ్యాచి కాపీ చేసుకుని, పేరు మార్చుకుని, ఒకరు గాలి తోయిస్తారు, ఒకరు భూకంపం తెప్పిస్తారు, ఒకరు మూల పిల్లరు పీకి చూస్తారు. మేడ మాత్రం అదే. మొదటి నుంచీ కట్టే ఓపిక ఎవరికీ లేదు, ఎవరూ కట్టమని అడగలేదు కూడా. గైడ్ ఆమెకూ ఆ ఫైలే ఇచ్చి, ఇది పరీక్షలకు బాగా నిలిచిన మోడల్ అన్నాడు.

ఎంగిలి ఫైలు ముట్టుకోవడమే ఆమెకు రోత. కనీసం కడిగి వాడుకుందామనుకుంది. మొత్తం మేడ బరువు చేత్తో లెక్క కట్టి, పునాదుల దగ్గరికి ఎంత చేరుతోందో కంప్యూటర్‌ను అడిగింది. రెండూ కలవలేదు. తన లెక్కే తప్పనుకుని మళ్ళీ కట్టింది. మళ్ళీ అదే తేడా. అంతస్తు తర్వాత అంతస్తు వెతుక్కుంటూ దిగితే, పార్కింగ్‌కు సరిగ్గా పైనున్న మొదటి అంతస్తులో దొరికింది. అక్కడి గోడల బరువు బీముల మీద వెయ్యనే లేదు. కంప్యూటర్ దృష్టిలో ఆ అంతస్తులో గోడలే లేవు. లేని గోడలకు సన్నటి బీములు చాలని అది చెప్పింది. అందరూ నమ్మారు.

గైడ్‌ను అడిగితే ఆయనకు గుర్తుకొచ్చి ముచ్చటగా నవ్వాడు. ఆ మోడల్ తమ బ్యాచిదేనట. అప్పట్లో మొదటి అంతస్తులో ఫర్నిచర్ షోరూమ్ ఉంటుందనుకున్నారట, మధ్యలో గోడలుండవు కదా. తర్వాతి పిల్లలెవరో షోరూమ్ అన్న మాట తీసేసి ఫ్లాట్లు అని రాసుకున్నారన్నమాట. మాట మార్చారుగానీ బరువు మార్చలేదు. దాన్ని పెద్దది చెయ్యకుండా, చివరి పేజీలో భవిష్యత్తులో పరిశీలించదగిన అంశం అని ఒక వాక్యం రాసెయ్యమన్నాడు. మాటల్లో మాటగా ఆమె యజమాని తన క్లాస్‌మేటేనని, ఆ మోడల్ కట్టినవాళ్ళలో ఆయనా ఒకడని చెప్పాడు.

మర్నాడు ఆమె ఆఫీసుకు వెళ్ళి, కొత్త బిల్డింగు వచ్చిన ప్రతిసారీ తామంతా తెరిచి, కొలతలు సాగదీసి వాడుకునే నమూనా ఫైలు తెరిచింది. అదే మేడ. అదే మొదటి అంతస్తు. అక్కడా గోడల్లేవు. ఆ ఫైలులోంచి పుట్టిన బిల్డింగుల్లో ఆమె చెల్లెలు కాపురముంటున్నది కూడా ఒకటి. చెల్లెలి ఫ్లాటు మొదటి అంతస్తులోనే. మా ఆఫీసు డిజైనే, కళ్ళు మూసుకుని కొనుక్కోమని చెప్పింది స్వయానా ఈ అక్కగారే.

యజమాని దగ్గరికి వెళితే ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని విన్నాడు. పటిష్ఠత కోసం మనం ఎలాగూ ఇనుము ఎక్కువే వేస్తాం కదా, అందులో సర్దుకుంటుందన్నాడు. "ఇన్నేళ్ళుగా నిలబడే ఉన్నాయి కదమ్మా. ముందు నువ్వు పాసవ్వు. డిగ్రీ లేని మాట ఎవరు వింటారు?" అన్నాడు. ఆ చివరి మాట నిజం కావడమే ఆమెకు అన్నిటికంటే అసహ్యంగా తోచింది.

ఆ ఆదివారం చెల్లెలి ఇంటికి వెళ్ళి, పైకి ఎక్కకుండా పార్కింగ్‌లోనే ఆగింది. కార్ల మధ్య మెడ వెనక్కి వంచి బీములను చూసుకుంటూ తిరిగింది. పిల్లరు దగ్గర బీము మీద ఏటవాలుగా పగులు. దాన్ని ఎవరో పుట్టీతో పూడ్చి రంగు వేశారు. పుట్టీ పక్కనుంచి పగులు మళ్ళీ బయటికొచ్చింది. అటువైపు పిల్లరు దగ్గరా అలాగే. పగిలింది ఒట్టి ప్లాస్టరింగే అయితే అడ్డదిడ్డంగా గీతలు పడతాయి. ఇలా రెండు కొసల్లోనూ పిల్లరు వైపు వాలిన పగులంటే బరువు మోయలేక బీము వెళ్ళబోసుకుంటున్న గోడు. అది పుస్తకంలో చదివిన బొమ్మకు అచ్చుగుద్దినట్టుంది. చదివినది నిజమైనందుకు ఏ విద్యార్థీ ఇంత బాధపడి ఉండడు.

ఇంకో వారంలో వైవా ఉంది. డిగ్రీ చేతికొచ్చాకే చెబుదామని ఆగింది. ఆగినందుకు తనను తాను తిట్టుకుంటూనే ఆగింది. వైవాలో గైడ్ రాయమన్న ఒక్క వాక్యానికి బదులు ఆ తప్పు మీద మొత్తం అధ్యాయమే చదివింది. బయటినుంచి వచ్చిన పరీక్షాధికారి తెర మీది మేడను చూసి, పాత స్నేహితుడు ఎదురైనట్టు కళ్ళు వెడల్పు చేశాడు. తన పీహెచ్‌డీ కూడా దాని మీదేనట. గైడూ ఆయనా పాత రోజులు తలుచుకుని మురిసిపోయారు. ఆమె పరిశీలన చాలా సునిశితంగా ఉందని మెచ్చుకుని, మొదటి శ్రేణి ఇచ్చి చేతులు దులుపుకున్నారు. మనుషులుండే బిల్డింగుల సంగతేమిటని ఆమె అడిగింది. అది థీసిస్ పరిధిలోకి రాదన్నారు.

ఫలితం వచ్చిన సాయంత్రం ఆమె స్వీట్లు కొనలేదు. చెల్లెలి ఇంటికి వెళ్ళింది. చెల్లెలినీ మరిదినీ ఎదురుగా కూర్చోబెట్టి, ఒక్క ఇంగ్లీషు సూత్రం లేకుండా, ఉన్నదున్నట్టు చెప్పింది. మరిది బుద్ధిమంతుడు, మధ్యలో అడ్డు రాలేదు. చివర్న రేపే కూలిపోతుందా అని మాత్రం అడిగాడు.

"కూలదు. కానీ ఆ బీములు మోయగలిగినదానికంటే ఎక్కువ మోస్తున్నాయి. ఏ రోజున చేతులెత్తేస్తాయో నేను చెప్పలేను," అంది ఆమె. "ముందు మీరు ఇక్కణ్ణించి కదలండి. అందరూ కలిసి కింద ఉక్కు ఊతాలు పెట్టించి, బీములకి బలం కట్టించుకోవాలి. అందరికీ చెప్పాలి."

మొగుడూ పెళ్ళాలు ఒకరినొకరు చూసుకున్నారు. వీళ్ళయినా విన్నారు కదా అని ఆమె ప్రాణం కాస్త కుదుటపడింది. చెల్లెలు లేచి టీ పెట్టుకొచ్చి, కప్పు చేతికిచ్చి, పక్కనే కూర్చుంది. చిన్నప్పుడు ఏదైనా కావాలంటే కూర్చునేది, సరిగ్గా అలాగే.

"అక్కా, మేం ఎలాగూ అమ్మేద్దామనే చూస్తున్నాం. ఒకాయన రెండుసార్లు వచ్చి చూసుకెళ్ళాడు, దాదాపు కుదిరినట్టే. అది అయ్యేదాకా ఎవరికీ చెప్పకు."

ఆముదం మేడమ్ జీవితంలో ఎన్నో చూసి ముఖం చిట్లించింది. టీపొడి, చూయింగ్ గమ్, దించిన రోల్ నంబరు, మురిసిపోయిన ప్రొఫెసర్లు. వాళ్ళంతా బయటివాళ్ళు, తిట్టుకుంటే తీరిపోయింది. ఇది తను ఎత్తుకుని తిప్పిన పిల్ల. నోరంతా చేదైపోయింది. తిట్టడానికి కూడా మాట దొరకని అసహ్యం ఆమెకు అదే మొదటిసారి.

ఆ మౌనాన్ని మరిది ఒప్పుకోలు కింద జమ వేసుకున్నాడు. అయినవాళ్ళు కాదంటారా? ఆయన అప్పుడే ఫోనులో ఆ కొనే మనిషితో మాట్లాడుతున్నాడు. మీరు ఎవరైనా ఇంజనీరును అడగాలన్నారు కదా, మా వదినగారు అదే సబ్జెక్టులో పీజీ చేశారు, ఈ బిల్డింగు వాళ్ళ ఆఫీసు డిజైనే, ఆవిడనే అడగండి అని చెప్పి, నవ్వుతూ ఫోను ఆమె చేతిలో పెట్టాడు.

అవతలి మనిషి నెమ్మదస్తుడిలా ఉన్నాడు. విసిగిస్తున్నందుకు ఏమీ అనుకోవద్దన్నాడు. తమకు పిల్లలు చిన్నవాళ్ళని, మొదటి అంతస్తయితే మెట్ల బాధ ఉండదని చూస్తున్నామన్నాడు. మీరు బాగుందంటే చాలు, రేపే ఖాయం చేసుకుంటామన్నాడు. చెల్లెలు ఆమె మోకాలి మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కింది.

"కొనకండి," అంది ఆమె. "కింద బీములు పగిలి ఉన్నాయి. లెక్కలోనే తప్పుంది. కావాలంటే ఇంకో ఇంజనీరుని తెచ్చి చూపించుకోండి."

మరిది ఫోను కోసం చెయ్యి చాచాడు. ఆమె లేచి కిటికీ దగ్గరికి జరిగింది. అవతలి మనిషి, తప్పుగా అర్థం చేసుకున్నానేమోనన్నట్టు, అడిగాడు.

"మరి మీ చెల్లెలుగారు వాళ్ళు అందులోనే ఉంటున్నారు కదండీ?"

"ఉంటున్నారండి. వాళ్ళకీ ఇప్పుడే చెప్పాను," అంది ఆమె. "వాళ్ళు వినలేదు. మీరైనా వినండి."