బావ ఉలి వాలు

మా బావ తన ఉలుల సంచి తెచ్చి నా బల్ల మీద పెట్టినప్పుడు నేను టీ తాగుతున్నాను. బావ అంటే మా అక్క మొగుడు. ఏడో తరగతిలో లెక్కల సారుకీ నాకూ పొసగక నేను బడి మానేస్తే, చేతికి ఉలి ఇచ్చి బూర్గంపాడులోని తన వడ్రంగి షెడ్డులో కూర్చోబెట్టింది ఆయనే.

"ఇగ నువ్వే వాడుకో," అన్నాడు.

"ఏంది బావా, సర్కారు కొలువు వచ్చిందా?"

"చెయ్యి ఆగుతలేదు రా. పదును పెడ్తుంటే అంచు గుండ్రంగ అయితుంది. మొద్దు ఉలితోని కొట్టుడు కంటే ఇంట్ల కూసునుడు నయం."

కొంతకాలంగా ఆయన కుడి చెయ్యి వణుకుతోంది. దవాఖానాలో మాత్రలు ఇచ్చారు. వణుకు తగ్గింది కానీ పోలేదు. సుత్తి పనికి అది పెద్ద అడ్డం కాదు. చిక్కంతా సానరాయి దగ్గరే. అక్కడ ఉలిని ఒకే వాలులో పట్టి రుద్దాలి. మణికట్టు కాస్త కదిలినా అంచు చెడిపోతుంది.

నేను పదును పెట్టి ఇస్తానంటే ఒప్పుకునే మనిషి కాదు. మా వడ్రంగుల్లో ఒక పట్టింపు ఉంది. ఎవరి ఉలికి వాళ్లే పదును పెట్టుకోవాలి. ఇంకొకరితో పెట్టించుకోవడమంటే, అన్నం కలిపి నోట్లో పెట్టించుకున్నట్టేనని బావ అంటాడు. కాబట్టి పదును ఆయన చెయ్యే పెట్టాలి, మణికట్టు పని మాత్రం ఇంకేదైనా చెయ్యాలి. అది కుదరకపోతే బావ ఇక షెడ్డుకు రాడు. నాకు పట్టుకున్న బెంగ అదే.

కొత్తగూడెం వెళ్లి దుకాణంలో ఉన్నవాటిలో అన్నిటికంటే చవకైన సానపట్టే గ్రైండరు తెచ్చాను. స్విచ్చి వేయగానే అది బల్ల మీద నడుచుకుంటూ నా మీదికే వచ్చింది. అక్క గుమ్మంలో నిలబడి చూసి, "తమ్మీ, దానికి నువ్వు బాగ నచ్చినట్టున్నవ్," అంది. మరలు వేసి బల్లకు బిగించాను.

తర్వాత దాని చక్రం ముందు పాత ఇనుప మంచం కడ్డీ ఒకటి అడ్డంగా బిగించాను. కడ్డీ మీద అటూ ఇటూ జారేలా ఒక టేకు ముక్క చేశాను. ఉలి ఆ ముక్కలో బిగుసుకుని ఉంటుంది, మనిషి ముక్కను జరిపితే చాలు. ఏ వాలులో బిగించాలో అని ఫోన్లో వెతికితే ఎవరో ఇరవై అయిదు డిగ్రీలు అన్నాడు. డిగ్రీల పాఠం వచ్చేలోపే నేను బడి దాటేసినవాణ్ని. అక్క కూతురి జామెట్రీ పెట్టె అడుక్కొచ్చి కొలిచాను.

మొదటి ఉలి అంచు నీలంగా కాలిపోయింది. బావ దాన్ని చూసి తల పట్టుకున్నాడు.

"ఇనుము మెత్తబడ్డది పో. గంతసేపు అదిమిపెడ్తారా? ముద్దు పెట్టినట్టు ముట్టియ్యాలె, తియ్యాలె, నీళ్లల్ల ముంచాలె."

"ముద్దుల సంగతి ఈయనకు గూడ తెల్సా?" అంది అక్క. బావ ఆ మాట విననట్టు నటించాడు కానీ చెవులు ఎర్రబడ్డాయి.

పక్కన రంగు డబ్బాలో నీళ్లు పెట్టుకుని ఇంకో ఉలికి అంచు తెచ్చాను. బావ దాన్ని చెక్క మీద ఆనించి రెండు దెబ్బలు వేసి ఆగిపోయాడు.

"కోస్తుంది గాని నా మాట వింటలేదు. ఇది ఎవరి వాలు?"

"ఫోన్ల ఒకాయనది."

"అయితే బెజ్జం కొట్టనీకి గాయన్నే పిలువు," అని ఇంటికి వెళ్లిపోయాడు.

ఆయన అన్నది సరదాకి కాదు. ఇన్నేళ్లూ ఆయన చెయ్యి ఒక వాలుకు అలవాటు పడింది. సంచి విప్పి మిగిలిన ఉలులన్నీ పరిచాను. అన్నిటి అంచులూ గుండ్రబడ్డాయి, ఒక్క వెడల్పాటిది తప్ప. దాన్ని చెయ్యి వణకక ముందు నూరి, ఆ తర్వాత ముట్టుకోనట్టున్నాడు. అట్ట మీద పక్కగా పెట్టి, అంచు వెంబడి పెన్సిలు గీశాను. ఆ గీతకు సరిపోయేలా చిన్న చెక్క కోశాను. డిగ్రీలు ఎన్నో నాకు తెలియదు, అడిగినా చెప్పలేను. ఆ చెక్కను ఆనించి ఉలిని సరిచూసుకుని బిగిస్తే అది బావ వాలు. సానరాయి మీద దొర్లడానికి ఉలిని పట్టి ఉంచే ఇంకో ముక్క చేసి, కింద చిన్న బేరింగు పెట్టాను.

మర్నాడు బావను బతిమాలి తీసుకొచ్చాను. నేను చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాను. బావే ఉలి బిగించాడు, బావే ముక్కను జరిపాడు. ముట్టించాడు, తీశాడు, ముంచాడు. చెయ్యి వణుకుతూనే ఉంది. టేకు ముక్కలోని ఉలి మాత్రం కదల్లేదు. తర్వాత దాన్ని రెండో ముక్కలో బిగించి సానరాయి మీద నూరి, అంచును ముంజేతి వెంట్రుకల మీద ఆడించి చూసుకున్నాడు. వెంట్రుకలు రాలాయి.

ఉలిని వెలుతురుకు పట్టి చూశాడు. "నాదే," అన్నాడు.

నేను రంగు డబ్బాలో నీళ్లు మార్చాను.

కాసేపటికి నేను పని చేస్తున్న కిటికీ చట్రం మీదికి వంగాడు.

"ఈ బెజ్జం ఎవడు కొట్టిండు?"

"నేనే బావా."

"ఎలుక కొరికిందనుకున్న. జరుగు."

చెయ్యి వణకడం మొదలయ్యాక ఇన్ని నెలలకు బావ మళ్లీ నా పనిని తిట్టాడు. జరిగాను. ఇంకో తిట్టు పడుతుందేమోనని కావాలనే మెల్లగా జరిగాను. పడింది.