ఎడమ వైపు సౌండు తక్కువ

హెడ్‌ఫోన్స్ కోసం ఏ కొట్టు మెట్లెక్కినా నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "అబ్బాయికా అమ్మా?" గేములు ఆడుకోవడానికి అని చెబితే ఇక ఆ ప్రశ్న ఖాయం. నలభై ఆరేళ్ళ మనిషి, కొంగు నడుముకు దోపుకుని, మెడలో కొలతల టేపు తీయడం మరిచిపోయి వచ్చింది. గేములు ఆమెకే అంటే ఎవరు మాత్రం నమ్ముతారు? "నాకే" అనేదాన్ని. కొట్టతను నవ్వు దాచుకోవడానికి కిందకి వంగి పెట్టెలు వెతికేవాడు. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. అయినా ఆ నవ్వులకు అలవాటు పడ్డాను.

మదనపల్లెలో నాకు చిన్న టైలరింగ్ షాపు ఉంది. జాకెట్లు కుడతాను, కంప్యూటర్ ఎంబ్రాయిడరీ వేస్తాను. ఎంబ్రాయిడరీ మిషనుకు డిజైన్లు ఎక్కించడానికి కొన్న కంప్యూటరే, సాయంత్రం షట్టరు సగం దించాక నా ఆటవస్తువు. నాతో ఆడేది మా అక్క. ఆమె కుప్పంలో బావతో కలిసి విత్తనాలు, పశువుల దాణా అమ్మే కొట్టు నడుపుతుంది. కాలు విరిగి మంచం పట్టిన రోజుల్లో కొడుకు దగ్గర ఈ ఆట నేర్చుకుంది. కాలు అతుక్కుంది, కొడుకు చదువుకని హాస్టలుకు పోయాడు, ఆట మాత్రం ఆమెను వదల్లేదు. ఆ తర్వాత నాకు అంటించింది.

ఆటలో మేమిద్దరం ఒక జట్టు. పాడుబడిన ఊళ్ళో తుపాకులు పట్టుకుని తిరుగుతుంటాం. వేరే జట్లు మా కోసం గాలిస్తుంటాయి. ఇందులో కంటికన్నా చెవికి పని ఎక్కువ. అడుగుల చప్పుడు ఎటు నుంచి వస్తోందో పసిగట్టినవాళ్ళే బతుకుతారు. ఒకపక్క మనుషులను కాలుస్తూనే అక్క ఊసులన్నీ చెబుతుంది. రామకుప్పం రైతు విత్తనాల సంచి విప్పించి ఎట్లా సతాయించాడో, చారులో ఉప్పు ఎక్కువైందని బావ మొహం ఎట్లా పెట్టాడో. పెళ్ళయిన అక్కచెల్లెళ్ళు రోజూ ఫోన్లో మాట్లాడుకుంటే "ఊరికే ఏం మాటలు" అంటారు ఇంట్లోవాళ్ళు. ఆట ఆడుతున్నాం అంటే ఎవరూ ఏమీ అనరు, పిచ్చివాళ్ళు అని వదిలేస్తారు. ఆట అయ్యాక అవే హెడ్‌ఫోన్స్‌లో పాత పాటలు పెట్టుకుని హుక్కులు కుట్టుకుంటాను. రోజు మొత్తంలో నాది అని చెప్పుకునే సమయం అదే. దాన్ని ఎవరికీ ఇవ్వబుద్ధి కాదు.

కిందటేడు వానలు పడే రోజుల్లో నేను వరసగా చచ్చిపోవడం మొదలుపెట్టాను. ఆటలోనే లెండి. ప్రతిసారీ ఎడమ పక్క నుంచి వచ్చినవాడి చేతిలోనే.

"ఎడం పక్క వస్తాండారు కదే, ఇనపడలేదా?" అంది అక్క.

"లేదక్కా."

"యాడ పెట్టినావు చెవులు? జాకెట్టుకు గాని కుట్టేసినావా?"

హెడ్‌ఫోన్స్ చెడిపోయాయి అన్నాను. నేను అబద్ధం చెప్పలేదు, నాకు నిజంగా అలాగే అనిపించింది. పాటల్లో కూడా ఎడమ వైపు సౌండు తక్కువగా వస్తోంది. మా వీధి చివర కొట్లో కొత్తవి తీసుకున్నాను. రెండు రోజులకే వెనక్కి పట్టుకుపోయాను, ఎడమ పక్క తక్కువ అని. అతను మార్చి ఇచ్చాడు. వాటినీ పట్టుకుపోయాను. ఈసారి అతను తన చెవులకు పెట్టుకుని, కళ్ళు మూసుకుని, చాలాసేపు విన్నాడు.

"రెండు పక్కలా బాగుండాది కదమ్మా."

"నీకు బాగుంటే సరిపోతుందా? కొన్నది నేను" అని ఒంటికాలి మీద లేచాను. పాపం, ఆ మనిషి ఇంకో పెట్టె విప్పాడు. మార్చడానికి ఇష్టంలేక నాటకాలాడుతున్నాడని ఇంటికి వచ్చేదాకా గొణుక్కుంటూనే ఉన్నాను.

ఎంబ్రాయిడరీ మిషను బాగుచేసే మెకానిక్ వచ్చినప్పుడు అతనికీ ఈ రామాయణం చెప్పాను. అతను నా కంప్యూటరుకు హెడ్‌ఫోన్స్ పెట్టి చూసి, వెనకాల గుయ్యిమని మోత వస్తోందన్నాడు. కంప్యూటరు లోపలి సౌండు అంత మంచిది కాదట. బయట నుంచి తగిలించే సౌండ్ కార్డు వస్తుంది, వేలెడంత ఉంటుంది, అది తగిలిస్తే శుభ్రంగా వినిపిస్తుంది అన్నాడు. ఎడమ పక్క సంగతి కూడా తేలిపోతుందేమో అని ఆశపడ్డాను.

ఆ వారమే పుంగనూరు పోవాల్సి వచ్చింది. సోమల ఊరి పెళ్ళివారు జాకెట్లు అక్కడ ఒక చుట్టాలింట్లో ఇచ్చిపొమ్మన్నారు. ఇచ్చేసి, బస్టాండు దగ్గర ఒక ఫోన్ల కొట్లో "సౌండ్ కార్డు ఉందా" అని అడిగాను. ఉందన్నాడు. మనసు ఎగిరి గంతేసింది. గోరంత మెమరీ కార్డు తీసి బల్ల మీద పెట్టాడు.

"భక్తి పాటలు ఎక్కిచ్చేదా, సినిమా పాటలు ఎక్కిచ్చేదా అమ్మా?"

"పాటలు కాదప్పా, సౌండు."

"పాటలు లేకుండా సౌండు యాడనుంచి వస్తాది?"

అతనన్నదీ నిజమే. కంప్యూటరుకు తగిలించేది అని, వేలు చూపించి ఇంత ఉంటుందని, గుయ్యిమనే మోత కూడా నోటితో చేసి చూపించాను. బస్సు కోసం నిలబడిన ఇద్దరు ఆడవాళ్ళు నన్ను జాలిగా చూశారు. చివరికి అతనే ఇంకో వీధిలో కంప్యూటర్ల కొట్టుకు దారి చూపించాడు. అక్కడ దొరికింది. ఇంటికొచ్చి తగిలిస్తే మోత మాయమైంది. గాయని ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తోంది. కుడి పక్క. ఎడమ పక్క ఎప్పటిలాగే తక్కువ.

ఇక లాభం లేదని, ఆదివారం షాపు మూసి, హెడ్‌ఫోన్స్, సౌండ్ కార్డు, కొన్న రసీదులు అన్నీ సంచిలో వేసుకుని కుప్పం బస్సెక్కాను. అక్క దగ్గర తేల్చుకుని, నా మాట నిజమని ఒప్పించి, తిరిగొచ్చి ఆ కొట్టతని పని పట్టాలని దారి పొడుగునా మాటలు సిద్ధం చేసుకున్నాను.

అక్క అన్నం పెట్టాక తన కంప్యూటరుకు అవన్నీ తగిలించింది. మా ఇద్దరికీ నోటికి వచ్చిన పాట ఒకటి పెట్టి చెవులకు పెట్టుకుంది. పాట సగం దాకా వింది.

"రెండు పక్కలా సమంగా ఉండాది."

"నువ్వు కూడానా అక్కా?"

అక్క హెడ్‌ఫోన్స్ తీసి, తిప్పి, నా తలకు పెట్టింది. కుడి చెవిదాన్ని ఎడమ చెవికి, ఎడమ చెవిదాన్ని కుడి చెవికి. పాట మొదటి నుంచి పెట్టింది. నాకు ఇప్పుడూ ఎడమ పక్కే తక్కువగా ఉంది.

ఎడమ పక్కకు రావాల్సిన వేణువు ఒకటి మాత్రం చరణానికి ముందు కుడి చెవిలో మోగింది. ఆ పాటలో వేణువు ఉందని నాకు తెలుసు, చిన్నప్పుడు దాన్ని ఈల వేసేదాన్ని. అది వినిపించడం ఎప్పుడు మానేసిందో మాత్రం తెలియదు. ఇన్నాళ్ళూ వేణువు లేకుండానే పాట అయిపోతుంటే, నేను బాగుందనుకుని వింటున్నాను.

ఏడుపు వచ్చింది. అక్క ఎదురుగా ఏడవడానికి నాకేం మొహమాటం లేదు కాబట్టి ఏడ్చాను.

మర్నాడు తనే డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఆయన గదిలో కూర్చోబెట్టి, సన్నటి కూతలు వినిపించి, చెవి నరం బలహీనపడిందన్నాడు. మెల్లమెల్లగా తగ్గుతూ వచ్చిందట. ఫోను కుడి చెవి దగ్గరే పెట్టుకుంటాను కాబట్టి నాకు తెలియలేదు. పోయినంత మేరకు తిరిగిరాదు, ఉన్నది జాగ్రత్తగా చూసుకోండి, సౌండు తగ్గించి వినండి, కావాలనిపించినప్పుడు చెవి మిషను పెట్టుకోవచ్చు అన్నాడు. ఎంబ్రాయిడరీ మిషను ఎడమ పక్కనే ఉంటుంది, దానివల్లేనా అని అడిగితే, కావచ్చు, కాకపోవచ్చు అన్నాడు.

చెవి పోయినందుకన్నా నాకు ఇంకో దిగులు ఎక్కువగా ఉండింది. అక్కకు ఓడిపోవడం అంటే పరమ చిరాకు. చిన్నప్పుడు దాయాలాటలో ఓడిపోతే గవ్వలు విసిరికొట్టేది. ఎడమ పక్క చెవిటిదాన్ని జట్టులో పెట్టుకుని ఎన్నాళ్ళు ఆడుతుంది? ఆట లేకపోతే ఇక పండగకో పబ్బానికో ఒక ఫోను, అంతే మా ఇద్దరికీ. బస్టాండులో నిలబడినప్పుడు నేనే ముందు అనేశాను.

"ఇంగ బాగా ఆడేవాళ్ళని ఎవరినన్నా చూసుకో అక్కా."

"జాకెట్టుకు ఒక చెయ్యి పొట్టి అయితే జాకెట్టు పారేస్తావా?"

"పారెయ్యను. రెండో చెయ్యి కూడా కత్తిరించి సమం చేస్తాను."

అక్కకు నవ్వు ఆగలేదు. "మంచిదానివే. నేను చెప్పబోయింది అది కాదు" అంది. బస్సు కదిలేముందు కిటికీ దగ్గరికి వచ్చి, "ఎడం పక్క నేను సూసుకుంటా. నేను చెప్తాంటా, నువ్వు తిరుగు. అంతే" అంది.

మదనపల్లెలో దిగాక మళ్ళీ ఆ వీధి చివరి కొట్టుకే పోయాను. పని పట్టడానికి కాదు. నన్ను చూడగానే అతను, "మళ్ళా ఎడం పక్కేనా అమ్మా?" అన్నాడు భయంగా. ఈసారి చెవిదే తప్పు అన్నాను. అతను ఓపికగా నాలుగు రకాలు తీసి, ఒక్కొక్కటీ నాకు పెట్టి చూపించాడు. చెవి మొత్తాన్ని కప్పే మెత్తటి జత ఒకటి ఎంచుకున్నాను. బయటి రొద లోపలికి రాదు కాబట్టి సౌండు తక్కువ పెట్టినా సరిపోతుంది. కంప్యూటరులో రెండు పక్కల శబ్దాన్నీ కలిపి రెండు చెవులకూ పంపే సెట్టింగు ఉంటుందని అతనే చెప్పాడు. ఇప్పుడు పాటలకు అది పెట్టుకుంటాను. వేణువు, వయొలిన్లు, పాడే మనిషి, అందరూ నా కుడి చెవిలోనే సర్దుకుంటారు, చిన్న గదిలో దిగిన పెళ్ళి చుట్టాల్లాగా. ఇరుకే గాని, ఎవరూ తగ్గలేదు. ఆట ఆడేటప్పుడు మాత్రం దాన్ని తీసేస్తాను. రెండు పక్కలూ కలిపేస్తే ఎవరు ఎటు నుంచి వస్తున్నారో అసలు తెలియదు.

అక్క మాట ప్రకారమే ఆడుతున్నాం. ఆమె నాకు ఎడమ పక్కనే నడుస్తుంది. గోడ వెనక ఒకడు, మెట్ల మీద ఒకడు, గడ్డిలో ఒకడు అని చెబుతూనే ఉంటుంది. ఆశ్చర్యం ఏమిటంటే, నాకు వినపడేవాటి గురించి ఒక్క మాట కూడా అనదు. వినపడనివాటినే చెబుతుంది. నా చెవిలో కూర్చుని చూసినట్టు అంత కచ్చితంగా ఎట్లా తెలుస్తుందో అని చాలాసార్లు అనుకున్నాను.

మొన్న ఆటకు కొంచెం ముందు ఫోను చేస్తే బావ ఎత్తాడు. అక్క లోపల ఉందన్నాడు.

"ఏమ్మా, మీ అక్కకు చెవి నొప్పి ఏమన్నా ఉండాదా? నాతో చెప్పదు. రోజూ నీతో ఆడేదానికి ముందు ఒక్కతే కూసోని ఆడతాది, ఎడం చెవులో దూది కూరుకోని. యాల అని అడిగితే నవ్వుతాది. నువ్వన్నా అడగమ్మా."

"నొప్పేం కాదులే బావా" అన్నాను.

ఫోను పెట్టేసి, షట్టరు సగం దించి, హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. కాసేపటికి అక్క వచ్చింది.

"ఏమే, ఉండావా?"

"ఉండానక్కా" అన్నాను. దూది సంగతి అడగలేదు.