బస్సును అడిగిన ప్రశ్న

మా నాయన నగరిలో నేతగాడు. వేరేవాళ్ల మగ్గం మీద కూలికి పోయేటప్పుడు పడుగులో నూలును అటూ ఇటూ దూర్చే తన నాడె చేతపట్టుకునే పోయేవాడు. ఇంట్లో మరిచిపోయింది అక్కడ దొరకదు గదా. రూబీ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక్కో మనిషి, వస్తువు వివరాలు ఒక్కో ఆబ్జెక్టులో ఉంటాయి. ఒక ఆబ్జెక్టు కోసం రాసిన కోడును ఇంకో ఆబ్జెక్టు లోపల నడిపించడమూ అంతే. పాత ఆబ్జెక్టు వివరాల్లో ఆర్గ్యుమెంట్లుగా చేతికిచ్చి పంపినవే వెంట వస్తాయి. మిగతాదంతా ఆ కొత్త ఇంటిదే.

తిరుపతిలో మా ఆఫీసు శ్రీ సిటీ ఫ్యాక్టరీల కార్మికుల బస్సులకు సాఫ్ట్‌వేర్ చేసేది. ఎవర్ని ఎక్కడ దించాలో అది డ్రైవరు ఫోనుకు పంపేది. గర్భిణులను హైవే మీద వదలకూడదు, బస్సు ఊళ్లోకి వెళ్లి దించాలి అని ఒక నియమం. శ్రీ సిటీలో పనిచేసి అలాంటి బస్సులోనే ఇంటికొచ్చే మా చెల్లెలు తడ దగ్గర కాపురముండేది. అప్పటికి దానికి నెలలు నిండుతున్నాయి. అందుకే ఆ కోడు ఒకసారి చూద్దామని ఒక సాయంత్రం తెరిచాను.

రాసింది నా పక్క సీటతను. గర్భిణి అవునా కాదా అన్న సంగతి కార్మికురాలి ఆబ్జెక్టులో ఉంటుంది. ఈ మహానుభావుడు ఆ కోడును బస్సు ఆబ్జెక్టు లోపల నడిపించాడు, కార్మికురాలిని మాత్రం ఆర్గ్యుమెంటుగా పంపలేదు. అంటే, నువ్వు గర్భిణివా అని బస్సును అడిగినట్టు. బస్సులో ఆ సంగతే ఉండదు. రూబీ దానికి తప్పు పట్టదు. లేదు కాబట్టి కాదనుకుని ముందుకు పోతుంది.

నాకు ఒళ్లు మండింది.

"మనిషిని పంపకుండా ఎట్ల నడిపినావబ్బా?"

"ఎర్రరేమీ రాలేదు కదప్పా," అన్నాడు టీ తాగుతూ. "మధ్యాన్నమే సర్వర్లోకి ఎక్కించేసినా."

ఎర్రర్ వచ్చుంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

కోడు సరిచేసి చెల్లెలి బస్సు డ్రైవరుకు ఫోన్ చేశాను.

"ఫోన్లో ఏమొస్తే అదే సేస్తా సార్. కడుపుతో ఉండే ఇద్దర్నీ రోడ్డు మీదే దించేసినా."

వెంటనే చెల్లెలికి చేశాను.

"ఈ పొద్దు బస్సు ఊర్లోకి రాలేదన్నా. నా మాదిరే ఇంకొకామె కూడా దిగినాది. రోడ్డు దాటతా ఉండాము."

"దాటొద్దు. ఆడనే నిలబడు."

లారీల మోతలో నా మాట దానికి వినపడలేదు. హారన్ ఒకటి ఆగకుండా మోగింది. నేను పిలుస్తూనే ఉన్నాను. చాలాసేపటికి ఆయాసపడుతూ పలికింది.

"నేను దాటేసినానన్నా."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంతలో దాని గొంతు మారింది.

"లారీ ఒకటి నిలిచిపోయినాది. నా ఎనక వచ్చే ఆమె యాడా కనపడల్యా."