తాడు పట్టని చెయ్యి

నా చిన్నప్పుడు ఇబ్రహీంపట్నంలో మా పక్కింటి అక్క హైదరాబాద్‌లో చదువుకొని వచ్చింది. మధ్యాహ్నాలు పిల్లలందరినీ అరుగు మీద కూర్చోబెట్టి పత్రికల్లో చదివిన సంగతులు చెప్పేది. వాటిలో నాకు బాగా నచ్చింది ఒక అమెరికా ఆమె కథ. కొండల నడుమ, పశువుల మందలున్న ఇంట్లో పుట్టిందట. ఆడవాళ్లకు ఓటు కావాలని ఊరూరా తిరిగి, వాళ్ల పార్లమెంటుకు మొదటి ఆడమనిషిగా వెళ్లిందట. మొదటిసారి యుద్ధం వద్దన్నప్పుడు ఆమెకు తోడు కొందరున్నారు. ఏళ్ల తర్వాత మళ్లీ యుద్ధం మాట వచ్చినప్పుడు అంత పెద్ద సభలో వద్దన్నది ఆమె ఒక్కతే. జనం వెంటపడితే టెలిఫోన్ ఉండే చిన్న గదిలో దూరి తలుపేసుకుందట.

"భయం కాలేదా అక్కా?" అన్నాను.

"ఎందుకు గాదు? అయినా వద్దన్నది. మీలో ఎవరంటరు గట్ల?"

అందరికన్నా ముందు నా చెయ్యే లేచింది.

పోలీసు చర్య జరిగిన కొన్నాళ్లకు మా వాడవాళ్లు బావి దగ్గర కూడారు. అంతకుముందు నిజాం తరఫు రజాకార్లు మా చిన్నాయన కాలు విరగ్గొట్టారు. ఆ కోపం ఇప్పుడు దూదేకే సాయిబు మామ మీదికి మళ్లింది. ఆయన రజాకార్లతో ఎన్నడూ తిరగలేదు. మా ఇంటి బొంతలన్నిటికీ దూది ఏకింది ఆయనే. ఆయన కొడుకు నా జతగాడు.

"ఆళ్లకు బావినీళ్లు బంద్. ఒప్పుకునేటోళ్లు చేతులెత్తుండ్రి" అన్నాడు చిన్నాయన. మగవాళ్ల చేతులు లేచాయి. ఆయన నా వైపు చూశాడు. నేనూ ఎత్తాను. నా జతగాడు ఖాళీ బిందెతో అక్కడే నిలబడి ఉన్నాడు.

ఆడవాళ్లను ఎవరూ అడగలేదు. అక్క తనంతట తానే ముందుకొచ్చి "నేనొప్పుకోను" అంది.

"అమెరికా దొరసాని దిగిందిరో!" అన్నారెవరో. అందరూ నవ్వారు. ఆ కథ వాడంతా చెప్పింది నేనే. నేనూ నవ్వాను.

అక్క బొక్కెన వేసి చేదింది. అది గట్టు దాకా వచ్చాక నన్ను పిలిచింది. "చెయ్యి మంచిగనే లేస్తది గదరా. రా, జర తాడు పట్టు." నేను చిన్నాయన మొహం చూసి కదల్లేదు. ఆమే ఒక చేత్తో తాడు, ఇంకో చేత్తో బొక్కెన పట్టి, సగం నీళ్లు ఒలికిపోతుండగా, నా జతగాడి బిందె నింపింది.

సాయిబు మామ ఇంటివాళ్లు అక్క చేదిన నీళ్లతోనే కొంతకాలం గడిపారు. ఎండలు ముదరకముందే బండి కట్టుకొని హయత్‌నగర్ వైపు వెళ్లిపోయారు. బండి మా ఇంటి ముందు నుంచే పోయింది. నేను తలుపేసుకొని లోపల ఉన్నాను. నన్నెవరూ తరమలేదు.

ఇప్పటికీ ఎక్కడైనా చేతులెత్తమంటే నా కళ్లు ఎత్తనివాళ్లను వెతుకుతాయి. వెళ్లి వాళ్ల పక్కన కూర్చుంటాను. నోరు తెరిచి వద్దనడం మాత్రం నాకు కొన్నిసార్లే చేతనైంది.