‘మడి’ అని రాసిన ఫ్లాపీ

ఇంటికి రంగులు వేయించడానికి మొన్న బీరువా ఖాళీ చేస్తుంటే అడుగున ఒక నల్ల ఫ్లాపీ దొరికింది, దాని మీద అంటించిన కాగితంపై నా చేతిరాతతో ‘మడి’ అని ఉండడం చూసి మా అమ్మాయి ఇదేమైనా పూజసామానా అని నవ్వింది. దానికేం తెలుసు గానీ, కర్‌కర్‌మని శబ్దం చేసే ఆ మెషీన్ల ముందు కూర్చున్న మన వయసు వాళ్ళకైతే చెప్పుకోవచ్చు, కాస్త గొప్పగానే చెప్పుకుంటాను.

అవి సికింద్రాబాద్‌లో సందుకొక కంప్యూటర్ కోచింగ్ బోర్డు వెలిసిన రోజులు. మావారిది లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగం, విజయనగరం నుంచి వచ్చి మారేడ్‌పల్లిలో రెండు గదుల వాటాలో ఉండేవాళ్ళం, అత్తగారు మాతోనే. ముప్పై రెండేళ్ళ వయసులో నేను కోర్సులో చేరితే బ్యాచ్ అంతా ఆంటీ అనేవారు, నాకు ఒళ్ళు మండేది. ఇంట్లో సాధన చేసుకోవడానికి మావారు ఒక పాత కంప్యూటర్ కొనిపెట్టారు, దాని మీదే మందుల షాపు స్టాకు చూసే ప్రోగ్రాము రాశాను. శనివారంలోగా ఆ ప్రాజెక్టు ఫ్లాపీలో ఇచ్చినవాళ్ళ పేర్లే ఒక కంపెనీ ఇంటర్వ్యూకి పంపుతామన్నారు, నా వయసుకి అలాంటి పిలుపు రెండోసారి రాదు.

తీరా తీసుకెళ్తే, ల్యాబ్ చూసుకునే ఆయన గుమ్మంలోనే నా ఫ్లాపీని పరీక్షించి, బూట్ సెక్టార్ వైరస్ ఉంది, లోపలికి రానివ్వనని తిరిగిచ్చేశాడు. కంప్యూటర్ లేవగానే మొట్టమొదట చదివే చోటే తిష్ట వేసే రకం అది, కొత్త ఫ్లాపీ కొన్నా మా మెషీన్లో పెట్టగానే దానికీ అంటుకునేది. కంప్యూటర్ అమ్మిన షాపతనేమో ఫార్మాట్ కొట్టుడే మేడమ్, పరేషాన్ గాకున్రి అన్నాడు. నెల క్రితం అలా మెషీన్లో ఉన్నదంతా చెరిపేసింది అతనే, ప్రోగ్రామంతా పోతే కాగితాలు చూసి మళ్ళీ టైపు చేసుకున్నాను, వారం తిరక్కుండా వైరస్ మళ్ళీ వచ్చి కూర్చుంది. చివరికి ల్యాబ్ ఆయనే జాలిపడి వైరస్ తీసే ఫ్లాపీ ఒకటి ఇస్తే, నడుస్తున్న మెషీన్లో అలాగే పెట్టాను, పోయిందని చెప్పింది, తెల్లారి చూస్తే ఆయన ఫ్లాపీకి కూడా పట్టింది! అప్పటికి శుక్రవారం.

మా అత్తగారి మడి గురించి చెప్పాలి. ఆవిడ చీర ఎత్తున దండెం మీద ఆరేది, కర్రతో తీసి కట్టుకునేది, పొరపాటున నా చెయ్యి తగిలితే మళ్ళీ స్నానం. నాకు విసుగ్గా ఉండేది, మనిషిని దూరంగా నిలబెట్టే ఆ పద్ధతి ఇప్పటికీ నచ్చదు. ఆ రోజు ఆవిడ వంటింటి గుమ్మంలోంచే ఎందుకేడుస్తున్నావని అడిగితే, విసుగ్గానే అంతా చెప్పాను. అంతా విని ఆవిడ అంది.

“మైల చేతికే మడిబట్ట ఇచ్చావుటే? ముందు దానికి స్నానం చేయించు. ఆ తరవాత, ముట్టుకోడానికి వీల్లేకుండా పెట్టు.”

నాకప్పుడు తట్టింది. నేను ఒక్కసారైనా మెషీన్ పూర్తిగా ఆర్పలేదు, మీటలు నొక్కి తిరిగి లేపానంతే, అలా చేస్తే వైరస్ మెషీన్ జ్ఞాపకంలోనే ఉండిపోయి పెట్టిన ప్రతి ఫ్లాపీకీ అంటుకుంటుంది. ఫ్లాపీ మూలనున్న చిన్న తలుపు జరిపితే దాని మీద ఇంకేదీ రాయడానికి వీలుండదని తెలిసీ జరపలేదు. పరుగున వెళ్ళి ల్యాబ్ ఆయన్ని బతిమాలి ఇంకొకటి చేయించుకుని, ఆయన బల్ల మీదే తలుపు జరిపి, ‘మడి’ అని రాసుకున్నాను. మెషీన్ ఆర్పి, ప్లగ్గు పీకి, కాసేపాగి, ఆ ఫ్లాపీతోనే లేపాను. నా ప్రోగ్రాము పేరు తెర మీద కనబడ్డాక గానీ ఊపిరి రాలేదు. తరవాత ఆ మొదటి చోటును కొత్తగా రాయించి, ఇంట్లో ఉన్న ఇరవై ఫ్లాపీలనూ ఒక్కొక్కటే పరీక్షిస్తే, దొంగ దొరికింది. మావారి జాతకాల ఫ్లాపీ! రాత్రి ఆయన తీయడం మరిచిపోతే పొద్దున్నే మెషీన్ వేసేసరికి అది లోపలే ఉండేది, మెషీన్ ముందుగా దాన్నే చదివేది, ఫార్మాట్ అయిన మర్నాడు కూడా.

శనివారం ల్యాబ్ ఆయన నా ఫ్లాపీని రెండుసార్లు పరీక్షించి, ఏమీ లేదు, ఎవరు బాగు చేశారు అని అడిగాడు. నేనే బాగు చేశానన్నాను, ఆ మాట అన్నప్పటి గర్వం తరవాత వచ్చిన ఉద్యోగంలో ఏ ప్రమోషనూ ఇవ్వలేదు.

కిక్కిరిసిన బస్సులోంచి చెమటతో, దుమ్ముతో ఇంటికొచ్చి ఫ్లాపీ తీసుకున్నారని చెప్పాను. అత్తగారు మడిలో ఉంది, పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. గబగబా వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. నేను జడుసుకుని వెనక్కి తగ్గబోతే వదల్లేదు. తరవాత వెళ్ళి మళ్ళీ స్నానం చేసింది. మర్నాడు మోండా మార్కెట్‌లో వంకాయలు బేరమాడుతూ, మా కోడలు కంప్యూటర్‌కి మైల వదిలించిందని ఆ కూరగాయలామెకి వర్ణించి చెప్పింది, పాపం ఆమెకేం అర్థమైందో.

ఇప్పుడు నా ఫోను వైరస్ తీసేశానని తనే చెబుతుంది, ఎప్పుడొచ్చిందో ఎలా పోయిందో మనకు తెలియనివ్వదు. సుఖమే, కాదనను. కానీ ఆ ఫ్లాపీ పారేయలేక మళ్ళీ బీరువాలోనే పెట్టాను, నా చేతులు పట్టుకోవడం కోసం రెండోసారి తలారా స్నానం చేసే మనిషి ఇప్పుడు ఇంట్లో లేదు.