కొత్త మౌస్‌కి ఎడమచేతి వాటం

మొన్నటి పిడుగుకి నూజివీడులో మా మామిడి కమీషన్ కొట్టులోని కంప్యూటర్ కాలిపోయింది. అది మా తమ్ముడి కంప్యూటర్, వాడు తప్ప ఎవరమూ ముట్టుకునేవాళ్ళం కాదు. వాడు పోయి ఏడాదైంది, అప్పట్నుంచీ బిల్లులు చేత్తోనే రాస్తున్నాను. ఏ సాఫ్ట్‌వేర్ ఉండాలో, అక్షరాలు ఎంత పెద్దవిగా ఉండాలో అన్నీ ఒకే ఫైల్లో రాసిపెట్టి, "ఇది తగలబడినా ఈ ఫైలుంటే చాలక్కా, అచ్చం ఇలాగే మళ్ళీ లేస్తుంది" అనేవాడు. నేను నవ్వేదాన్ని.

ఈ రోజు మెకానిక్ శేషుగారు వాడి పెన్‌డ్రైవ్‌లోని ఆ ఫైలును కొత్త కంప్యూటర్‌లో నడిపించారు. టీ చల్లారేలోపే తెరంతా వాడు వదిలినట్టే వచ్చేసింది. మౌస్ మాత్రం ఎడమ బటన్ నొక్కితే కుడి బటన్ నొక్కినట్టు అవుతోంది.

"కొత్తదే పాడైపోయిందేంటండీ! మార్చి తెస్తాను" అన్నారాయన.

నేను ఆయన్ని ఆపాను. "పాడవలేదండీ. మా తమ్ముడిది ఎడమచేతి వాటం."

ఆయన ఫైలు తెరిచి చూశారు. "అవునండీ, ఒక్క లైనే. తీసేయమంటారా?"

వద్దన్నాను. ఆ తర్వాత రసాల బిల్లు కొట్టిన ప్రతిసారీ తప్పు బటన్ నొక్కి వాణ్ణి తిట్టుకున్నాను. మీరైతే ఆ లైను తీయించేవారా, చెప్పండి. నేను కొట్టు కట్టేసేటప్పుడు చూసుకుంటే మౌస్ నా ఎడమచేతి కింద ఉంది. అటు ఎప్పుడు జరిపానో నాకే తెలియదు.